ఖాజా భాయ్ గీయని గీత

లారీ చక్రం మీది ఆ సుద్దగీత గీసింది నేనని ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పలేదు. ఇవాళ పొద్దున బేగంబజార్‌లో ఎవరో డ్రైవరు ఇనుపరాడ్డుతో టైర్లు కొట్టి చూస్తున్నాడు. ఆ ధప్పు ధప్పు వినగానే ఖాజా భాయ్ గుర్తొచ్చాడు.

భాయ్ మా ట్రాన్స్‌పోర్టులో పాత డ్రైవరు. మోకాళ్లు అరిగాక యజమాని ఆయనకు బండ్లు చూసి పంపే పని అప్పగించాడు. ఇనుపరాడ్డుతో టైర్లు కొట్టి, బ్రేకులు, లైట్లు చూసి, అన్నీ బాగుంటేనే ముందు చక్రం మీద సుద్దతో గీత గీసేవాడు. గీత లేని బండిని ఏ డ్రైవరూ ఎక్కేవాడు కాదు. నేను అక్కడ మేనేజర్ని. ఆయన ఆపిన ప్రతి బండీ మరమ్మతుకు ఆయన బావమరిది షెడ్డుకే పోయేది. అక్కడే నాకు అనుమానం మొదలైంది.

“ఫిట్‌నెస్ కాగితం ఉన్నది కద భాయ్, ఇంకేం లొల్లి?” అన్నాను ఒకసారి.

“బ్రేకుకు చదువొస్తదా సాబ్, కాగితం చూసి ఆగనీకి?”

“మీ బావమరిదికి వస్తది, బిల్లు రాయనీకి.”

భాయ్ నవ్వు ఆగిపోయింది. “నా మీద అనుమానముంటే ఇంకో షెడ్డుకు పంపుండ్రి. బండి మీద అనుమానం మాత్రం ఇడవకుండ్రి.”

ఒక శుక్రవారం నమాజుకు వెళ్తూ, బియ్యం నింపిన లారీని చూపించాడు. “బ్రేకు సరిగ పడ్తలేదు. నేనొచ్చేదాక కదిలియ్యకుండ్రి.” అవతల బియ్యం కొన్న సేటు సరుకు కోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. ఇదీ బావమరిది కోసమే అనుకున్నాను. సుద్దముక్క బల్ల మీదే ఉంది. తీసి గీశాను. డ్రైవరు యాదగిరి గీత చూసుకుని నిశ్చింతగా బండెక్కాడు. మలుపులో బ్రేకు పడలేదు. లారీ గోడను గుద్దింది, యాదగిరి కాలు నుజ్జయింది.

“నేను గీయలే,” అన్నాడు భాయ్, యజమాని అడిగితే. ఎవరూ నమ్మలేదు. ఆయన నా వంక చూశాడు. నేను తలుపు వంక చూశాను. మెడలో తువ్వాలు సర్దుకుని వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు.

ఆ తర్వాత నేనే బండ్ల కింద దూరి చూడటం మొదలుపెట్టాను. చేత్తో ముట్టి చూడనిదే ఇప్పటికీ ఏ బండినీ పంపను. కానీ యాదగిరి కుంటుతూ ఎదురైనప్పుడల్లా భాయ్‌ని తిట్టేవాడు. నేను వింటూ నిలబడేవాణ్ని.

ఇవాళ ఆ చప్పుడు విన్నాక ఇక ఆగలేకపోయాను. ఏమీ చెప్పకుండా యాదగిరిని నా స్కూటరు మీద ఎక్కించుకుని, పాతబస్తీలో భాయ్ ఇంటి ముందు దింపాను. అతను గడప తొక్కనన్నాడు. భాయ్ గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. ఇద్దరి మధ్యా నిలబడ్డాను.

“ఆ గీత నేను గీసిన, యాదగిరీ. భాయ్ బండి ఆపమన్నడు, నేనే పంపిన. భాయ్, మీ మీది అనుమానంతోని ఈయన కాలు తీసిన, మీ పేరు తీసిన. నన్ను మాఫ్ చెయ్యుండ్రి.”