పార్వతి చూడని శుభలేఖ

ఆరేళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. అందరినీ నవ్విస్తూ తిరిగేవాణ్ని కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నీకు చెబుతున్నాను. మధ్యలో జోకు వేశానంటే తప్పించుకుంటున్నానని అర్థం.

తొమ్మిదో తరగతిలో బడికి దండం పెట్టేసి, విజయనగరంలో శుభలేఖల షాపులో చేరాను. పాత కార్డులో పేర్లు మార్చి కొత్త కార్డు చేయడం మా పని. ఫోనులో వీడియోలు చూసి చిన్న కంప్యూటరు స్క్రిప్టు రాశాను. పాత పేరు, కొత్త పేరు ఇస్తే అదే మార్చేస్తుంది. షాపులో అందరూ ఇంజనీరు గారూ అని పిలవడం మొదలెట్టారు. నేనూ పలకడం మొదలెట్టాను.

అచ్చుకు వెళ్లేముందు ప్రతి కార్డూ మా షాపులో తప్పులు దిద్దే పార్వతి చదవాలి. ఒకరోజు ఒక కార్డు చేసి ఆమెకు చూపించకుండానే అచ్చుకిచ్చాను. యంత్రం చేసినదానికి మళ్లీ మనిషెందుకు అనుకున్నాను. నిజంగా అంతేనా? ఆమె నా పనిలో తప్పు పట్టుకుంటుందన్న భయం కాదా?

నేను వాడిన రీప్లేస్ అనే ఆదేశం, మొదట దొరికిన పేరు ఒక్కటే మార్చి ఆగిపోతుంది. అన్నిచోట్లా మార్చమని విడిగా చెప్పాలి. నాకు తెలియదు. పైన కొత్త పెళ్లికూతురి పేరే పడింది. కింద పిల్లల పిలుపులో మాత్రం "మా రమణి అత్త పెళ్లికి తప్పక రండి" అని పాత పెళ్లికూతురు అలాగే ఉండిపోయింది. కార్డులు పంచేశాక కళింగపట్నం నుంచి పెళ్లికూతురి అన్న వచ్చాడు. ఈ రమణి ఎవరని ఊరంతా అడుగుతోందట.

ఓనరుని మేమంతా మావా అనేవాళ్లం. ఆయన కార్డు పార్వతి ముందు పెట్టాడు.

"ఏటే ఇది? సదివే ఇచ్చినావా?"

"ఇది నా సేతికి రానేదు మావా," అని నావైపు చూసింది.

"పాత పెళ్లికూతుర్ని సాగనంపడానికి పార్వతికి మనసొప్పనేదు మావా," అన్నాను.

అందరూ నవ్వారు. ఆ అన్న కూడా నవ్వాడు. గొడవ చల్లారింది. మర్నాటి నుంచి పార్వతిని రావద్దన్నారు.

ఆ సాయంత్రమే స్క్రిప్టులో ఒక్క మాట చేర్చి సరిచేశాను. ఆ ఒక్క మాట మావతో ఎందుకు చెప్పలేకపోయాను? చూడకుండా అచ్చుకిచ్చే మనిషని పేరుపడి, ఆమెను ఏ ప్రెస్సూ పనిలో పెట్టుకోలేదు.

ఈ ఉదయం శ్రీకాకుళం ప్రెస్సు నుంచి మావకు ఫోనొచ్చింది. పార్వతిని చదివే పనికి తీసుకోవచ్చా అని. కనుక్కుని చెబుతానని పెట్టేసి, ఏమనమంటావురా అని నన్నడిగాడు. చెప్పేశాను. నవ్వలేదు, నవ్వించలేదు. మావ నా ముందే వాళ్లకు ఫోను చేసి, ఆ తప్పు ఆమెది కాదని, పనిలోకి తీసుకోమని చెప్పాడు.

పార్వతి ఏమంటుందో తెలియదు. రేపు శ్రీకాకుళం బస్సెక్కి, ఇప్పుడు అక్కడుంటున్న ఆమె ఇంటికి వెళ్తాను. క్షమించమని అడగను, ఆ బరువు కూడా ఆమె మీద పెట్టలేను. ఆరేళ్ల కిందట అందరి ముందూ అనాల్సింది ఆమె ఎదుట నిలబడి అంటాను.

ఆ కార్డు నేను చేశాను, పార్వతీ. నీకు చూపించలేదు.