అత్త చదివిన రివ్యూ

మా అత్తకు కుడిచెయ్యి పనిచేయదు. ఆవిడ మొండితనం వల్లే అలా అయిందని మా ఇంట్లో ఏళ్లుగా అంటూ వచ్చారు. అన్న ప్రతిసారీ నేను అక్కడే ఉన్నాను. విన్నాను. ఊరుకున్నాను. నేను మోస్తూ వచ్చిన బరువు ఇదే. పేరు చెప్పుకునే ధైర్యం ఇప్పటికీ లేదు కాబట్టి పేరు లేకుండానే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు కాస్త వీలుగా ఉంది.

అత్త అంటే మా నాన్నకు అక్క. మాది సముద్రం ఒడ్డున ఊరు. కాలేజీ చదువు కోసం శ్రీకాకుళం వచ్చి అత్త ఇంట్లోనే ఉండిపోయాను. అత్త తెల్లవారకముందే రేవుకు వెళ్లి చేపలు కొనుక్కొచ్చి బజారులో అమ్మేది. మావయ్య ఆటో నడిపేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. నన్ను కన్నవాళ్లలాగే చూసుకున్నారు. చేపల వాసన అంటుతుందని నా పుస్తకాలను వేరే గదిలో, కిటికీ పక్కన పెట్టించింది అత్త. అమ్మకంలో మిగిలిన చేపల్లో మంచిది నాకు వండి, తాను తలకాయతో సరిపెట్టుకునేది. అదే ఇష్టమనేది. నిజమో కాదో నేనెప్పుడూ అడగలేదు.

అత్త పెళ్లయ్యాక రాత్రి బడికి వెళ్లి చదవడం నేర్చుకుంది. అదంటే ఆవిడకు ఎంత గర్వమో! బస్సు బోర్డు, సబ్బు కాగితం, గోడ మీద సినిమా పోస్టరు, కంటికి కనబడిందల్లా కూడబలుక్కుని పైకి చదివేది. చదివి, సరిగ్గా చదివానా అన్నట్టు నా మొహం చూసేది.

డిగ్రీ అయ్యాక నాకు అరసవల్లి రోడ్డులో, ఒక బట్టల కొట్టు పైన ఉన్న చిన్న ఆఫీసులో పని దొరికింది. కంప్యూటర్ కంపెనీ అని ఇంట్లో చెప్పాను. అక్కడ మేం చేసేది రివ్యూలు రాయడం. ఫోన్లోకి యాప్‌లు దించుకునే స్టోర్ ఉంటుంది కదా, అందులో యాప్ కింద జనం స్టార్లు ఇచ్చి, బాగుందనో లేదనో రాస్తారు కదా. ఆ జనంలో కొందరం మేమే. రకరకాల పేర్లతో, మేం వాడని యాప్‌లకు అయిదు స్టార్లు వేసేవాళ్లం. ఒక్కోసారి పోటీ కంపెనీ వాళ్లు డబ్బిచ్చి, మంచి యాప్‌కు ఒక్క స్టారే వేసి, ఫోను పాడయిందని రాయమనేవారు. ఎవరో కుర్రాళ్లు బస్సుల వేళలు చెప్పే యాప్ ఒకటి చేశారు. నేనూ అదే చూసుకుని ఆఫీసుకు వచ్చేదాన్ని. దాని మీద కూడా చెడ్డగా రాశాను. రాసి, సాయంత్రం మళ్లీ అందులోనే బస్సు చూసుకుని ఇంటికి వెళ్లాను. అప్పుడే నాలో ఏదో ఒకటి కలుక్కుమనాల్సింది. అనలేదు. ఎందుకని?

మా ఓనరుకు నా రాత నచ్చింది. పుస్తకం భాషలో రాస్తే ఎవరూ నమ్మరు, ఇంట్లో మాట్లాడినట్టు రాయమనేవాడు. నాకు అది తేలిక. అత్త మాట నా చెవిలో ఎప్పుడూ ఉండేది. ఆవిడ ఎలా అంటుందో అలాగే రాసేదాన్ని.

ఒకరోజు బీపీ చూసే యాప్ వచ్చింది. ఫోను కెమెరా మీద వేలు పెడితే బీపీ ఎంతో చెబుతుందట. వేలు పెట్టి చూశాను. నార్మల్. నా పక్కనున్న అమ్మాయి తన టిఫిన్ డబ్బాలోంచి జామకాయ తీసి కెమెరాకు ఆనించింది. జామకాయకూ బీపీ నార్మలే. గదంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. కళ్లు తుడుచుకుని, రివ్యూ రాశాను:

"మా అమ్మకి బీపీ ఉన్నాది. ఇప్పుడు ఆస్పత్రికి ఎల్లే పనే లేదు. ఏలు పెడితే సాలు, సరిగ్గా సెప్తాది. మా సికాకులంలో అందరం ఇదే వాడతన్నాం."

మా అమ్మకు బీపీ లేదు. ఉన్నది అత్తకు.

రాసేటప్పుడు అత్త గుర్తు రాలేదా అని మీరు అడగవచ్చు. గుర్తొచ్చింది. ఆవిడ గొంతు గుర్తొచ్చింది, ఆవిడ జబ్బు గుర్తు రాలేదు. మనిషి మాటను మాత్రం తీసుకుని మనిషిని వదిలెయ్యడం ఎలా సాధ్యమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కాని నేను చేసింది అదే.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం అత్త గుమ్మంలో కూర్చుని ఫోను చూసుకుంటోంది. బజారులో పక్కన చేపలమ్మే ఆమె ఆ యాప్ వేయించుకుందట. అత్త కూడా ఆమె చేత వేయించుకుని వచ్చింది. నన్ను పిలిచింది.

"ఒసే పిల్లా, ఇలాగ రా. ఇది మంచిదేనేటే? సేపైతే మొప్పలెత్తి సూత్తాను. దీన్నేటెత్తి సూడ్డం?"

నేను ఏదో అనేలోపే, కింద రాసినవి చదవడం మొదలుపెట్టింది. వేలు కింద పెట్టుకుని, ఒక్కో అక్షరం.

"మా... అమ్మకి... బీపీ ఉన్నాది. ఇప్పుడు ఆస్పత్రికి ఎల్లే పనే లేదు..." చివరిదాకా చదివి తలెత్తింది. మొహం వెలిగిపోతోంది. "సూసినావా, మన సికాకులం మనిసే రాసినాది! మనలాగే మాటాడతన్నాది. ఈ మనిసి అబద్దమెందుకు రాస్తాది? నిజమేనంటావా?"

ఒక్క మాట చాలు. అది దొంగ యాప్ అత్తా, తీసెయ్యి. అంతే. ఆ మాట నోటిదాకా వచ్చింది. అన్నానంటే, నీకెలా తెలుసని అడుగుతుంది. ఆ రాసింది నేనేనని చెప్పాలి. నా ఉద్యోగం ఇదని చెప్పాలి. బజారంతా "మా కోడలుపిల్ల కంప్యూటర్ కంపెనీలో సేత్తన్నాది" అని చెప్పుకున్న మనిషికి.

"అందరూ అలాగే రాత్తన్నారు కదత్తా" అన్నాను.

అవునని కూడా అనలేదు చూడండి. అబద్ధంలో కూడా తప్పించుకునే దారి చూసుకున్నాను.

ఆ తర్వాత అత్త రోజూ పొద్దున్నే వేలు పెట్టి చూసుకునేది. నార్మల్. సంతోషంగా గంప ఎత్తుకునేది. బీపీ మాత్ర వేసుకుంటే తల తిరుగుతోందని, ఎండలో కూర్చోలేకపోతున్నానని ఆవిడ చాలాసార్లు అంది. మాత్రలు ఆపేసిందని నాకు తెలుసా? తెలియదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కాని అలమరలో మాత్రల డబ్బా నిండుగానే ఉండటం నేను చూశాను. చూసి, తలుపు మూసేశాను. అది తెలియకపోవడమా?

బజారులో చేపలు తూస్తూ తూస్తూ అత్త పక్కకు ఒరిగిపోయింది. మేం వెళ్లేసరికి మూతి వంకర పోయింది. మాట లేదు. కళ్లు మాత్రం నన్ను వెతుక్కున్నాయి.

ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు, మాత్రలు వాడుతోందా అని. మావయ్య ఏడుస్తూ, "మానేసినాది బాబూ. సెప్తే ఇనదు. మొండిది" అన్నాడు. ఆయన పక్కన నేనున్నాను. అత్త ఫోను నా చేతిలో ఉంది. అక్కడే నిలబడి ఆ యాప్ తీసేశాను. ఇంట్లోవాళ్లకు కబురు పెడుతున్నాననుకున్నాడు మావయ్య. ముందు చేసిందంతా పిరికితనం అనుకున్నా, ఇది మాత్రం అంతకంటే ఎక్కువ. మొండిదనే మాట ఆవిడ మీద పడుతుంటే, దానికి అడ్డొచ్చే ఆ ఒక్క సాక్ష్యాన్ని నేను చెరిపేశాను.

ఉద్యోగం మానేశాను. అత్త దగ్గర ఉండాలని చెప్పాను. అదీ నిజమే, కాని ఎంత నిజం? నీళ్లు పోయడం, తల దువ్వడం, చేత్తో బంతి పిసికించడం అన్నీ నేనే చేశాను. కన్నకూతురైనా ఇలా చూడదని చుట్టుపక్కలవాళ్లు అనేవారు. ఆ మెప్పును కూడా కాదనలేదు.

కొన్నాళ్లకు అత్త కర్ర పట్టుకుని నడిచింది. మాట కూడా వచ్చింది, కాస్త ముద్దగా. కాని చదవడం మానేసింది. బస్సు బోర్డు వైపు కన్నెత్తి చూడదు. ఒకసారి పేపరు చేతికిస్తే పక్కన పెట్టేసి, "నాకు అచ్చరాలొచ్చి ఏటి లాభం? సదివి సదివీ మోసపోనాను. ఆ ఫోను మాట మీ మావకి సెప్పకు, నవ్వుతాడు" అంది. నేను స్నానాల గదిలోకి వెళ్లి ఏడ్చాను. ఆవిడ ముందు ఏడవలేకపోయాను. ఎందుకేడుస్తున్నావని అడుగుతుందని భయం.

ఈమధ్య చుట్టాలు వచ్చారు. మావయ్య అలవాటుగా, "మొండిదండీ, మాత్రలేసుకుంటే ఈ బాద లేకపోను" అన్నాడు. అత్త పనిచేయని చేతిని కొంగు కింద దాచుకుంది.

చుట్టాలు వెళ్లాక, ఆ చేతికి గోళ్లు తీస్తూ చెప్పేశాను. మొదట ఆవిడకు అర్థం కాలేదు. అప్పుడు ఆ రివ్యూ అప్పజెప్పాను, మొదటి నుంచి చివరిదాకా. సగంలోనే ఆవిడ పెదవులు కదిలాయి. ఆవిడకూ కంఠతా వచ్చు. ఎడమచేత్తో తన కుడిచేతిని పట్టుకుని నా ఒళ్లోంచి తీసుకుంది. గోడకేసి తిరిగింది.

"ఆ రోజు ఎందుకు సెప్పలేదే?"

"సిగ్గేసిందత్తా."

"నాకంటే నీకు నీ సిగ్గే ఎక్కువైపోనాదా?"

గోళ్లు తీసే కత్తెర కింద పెట్టేశాను. ఆవిడే అంది: "మీ మావకి సెప్పు. నేను మొండిదాన్ని కానని సెప్పు."

సాయంత్రం మావయ్యకు చెప్పాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. లోపలికి వెళ్లి అత్త పక్కన కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. ఆయన నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. అత్తను మొండిదని మాత్రం మళ్లీ అనలేదు.

అత్త పొద్దున్నే దువ్వెన నాకే ఇస్తుంది. ఇచ్చి, నా వైపు వీపు పెట్టి కూర్చుంటుంది. క్షమించిందా, వేరే దిక్కు లేక ఇస్తోందా? అడగలేదు. అడిగే హక్కు నాకు లేదనిపిస్తుంది. పల్చబడిన ఆ జుట్టుకు నెమ్మదిగా నూనె రాసి జడ వేస్తాను.

అత్తకు చెప్పాక కూడా ఇది మీకెందుకు చెబుతున్నానంటే, ఆ రివ్యూ చదివింది అత్త ఒక్కతే కాదు. ఆ యాప్ పోయి, వేరే పేరుతో మళ్లీ వచ్చిందని విన్నాను. నేను రాసినవి ఎక్కడెక్కడ ఉన్నాయో, వాటిని తీసేసే దారేదో నాకు తెలియదు. ఆ అకౌంట్లు నావి కావు. మన మాటలో, మనవాళ్లు రాసినట్టే ఉన్న రాత చదివి మీరూ నమ్మారేమో. మీ ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించారేమో.

అది రాసింది నేను. అది అబద్ధమని రాసేటప్పుడే నాకు తెలుసు. నమ్మినవాళ్ల తప్పేమీ లేదు.