మా తోడల్లుడు గీసిన గీత

మా తోడల్లుడుగారు పోయారని మొన్న కోతల్లో ఏలూరు నుంచి ఫోను వచ్చింది. మా ఆవిడ ఏడ్చింది. మా అత్తగారు, "ఇంటికి పెద్దదిక్కు పోయింది" అంది. నేను అత్తగారి పక్కనే నిలబడి ఉన్నాను.

ఆయన ఏలూరు పక్కనే వట్లూరులో ఉంటూ తాడేపల్లిగూడెం కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవారు. మామగారు పోయాక కొల్లేరు వైపు పొలం మాకు చెరి సగం వచ్చింది. రోజూ చేలో దిగేవాణ్ణి నేను. సెలవు రోజున ఇస్త్రీ చొక్కాతో గట్టు మీద నిలబడేది ఆయన. అయినా పేరు ఆయన చేనుకే. కూలికి వచ్చిన ప్రతివారినీ అండీ అనే పిలిచేవారు. అది నటన అనుకునేవాణ్ణి. ఎన్నేళ్ళు చూసినా నటన బయటపడలేదు.

కోత మిషన్లు మా వైపు కొత్తగా వచ్చిన ఏడు ఆయన గట్టు మీద పుల్లతో ఒక గీత గీశారు. లోపలికి వంగిన గీత.

"దీన్ని సమోత్పత్తి రేఖ అంటారు తమ్ముడూ. దీని మీద ఎక్కడ నిలబడ్డా వచ్చే ధాన్యం ఒకటే. ఈ కొసన మనుషులెక్కువ, మిషను తక్కువ. ఆ కొసన మిషనెక్కువ, మనుషులు తక్కువ."

"మరి ఎక్కడ నిలబడాలండీ?"

"కూలి రేటు, మిషను అద్దె చూసుకుని."

"అయితే నేను ఆ చివరనేనండీ. మిషను టీ అడగదు."

ఆయన నవ్వారు. "గీత ఎందుకు వంగిందో చూశావా? మొదట్లో కాస్త మిషను పని చాలామందిని తప్పిస్తుంది. పోనుపోను ఇంకొక్క మనిషిని తప్పించాలంటే మిషను పని ఎంతో పెంచాలి. పల్లంలో అయితే మరీనూ."

క్లాసు పాఠంలే అని వదిలేశాను. నేను చేనంతా మిషనుతోనే కోయించాను. ఆయన మెరకకు మిషను పెట్టి, పల్లానికి మాత్రం ఏటా అదే ఆడకూలీల ముఠాను పిలిచేవారు.

ఒక ఏడు కోతల ముందు వాన పడింది. నా పల్లంలో మిషను కూరుకుపోయింది. మళ్ళీ మబ్బు పట్టింది. మా ఏడాది తిండి నీళ్ళలోకి ఒరుగుతోంది. పక్కనే ఆయన చేలో ముఠా కోస్తోంది. వెళ్ళి ముఠా నడిపే మేస్త్రమ్మను నా పల్లం కోయమని అడిగాను.

"ఇన్నేళ్ళూ మేం గుర్తు రాలేదేంటండీ? మిషను అలిగిందా ఏంటండీ?" అంది. ఆడవాళ్ళంతా నవ్వారు.

ఆయన గట్టు దిగి వచ్చారు. "ఏవండీ, ముందు మా తమ్ముడి పల్లం కానివ్వండి. నాది రేపు చూద్దాం."

ముఠా అంతా వెంటనే నా చేలో దిగింది. సాయంత్రానికి నా పంట గట్టెక్కింది. తెల్లారేసరికి కురిసిన వానకు ఆయన మిగిలిన చేను పడిపోయింది. ధాన్యం నా ఇంటికి వచ్చింది, మంచి పేరు ఆయన ఇంటికి పోయింది. మా అత్తగారు ఇప్పటికీ ఆ సంగతి చెబుతుంది. విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఆ మరుసటేడు నుంచి పల్లానికి నేనూ ముఠానే పిలుస్తున్నాను.

ఫోను వచ్చిన పూట వాళ్ళు నా పల్లంలోనే ఉన్నారు. కబురు చెప్పగానే కొడవళ్ళు గట్టు మీద పెట్టేశారు.

"మబ్బుగా ఉందమ్మా" అన్నాను.

"వరి రేపు కోసుకోవచ్చండీ. ఆయన్ని రేపు చూడలేం కదండీ" అంది మేస్త్రి.

నేను పోయినా ఇలాగే ఆపేస్తారా అనిపించింది. వాళ్ళతో పాటే బయల్దేరాను.

వట్లూరులో ఆయన్ని వరండాలో పడుకోబెట్టారు. ముఠా ఆడవాళ్ళు ఎగదోపిన చీరలతోనే ఒకరి వెనక ఒకరు మెట్లెక్కారు. తెల్లటి గచ్చు మీద నా చేలో బురద అడుగులు అడుగులుగా ఆయన దాకా వెళ్ళింది.