వాహనం కింది నడుము

దేవరాజులుకు పాములంటే భయం లేదు, పోలీసులంటే భయం లేదు, పెళ్ళాం మోహన అంటే మాత్రం ఒకింత ఉంది. వాటన్నిటినీ మించిన భయం ఇంకొకటి ఏళ్ళ తరబడి అతని భుజం మీద కూర్చుని ఉంది. స్వామి తన పక్కకి వాలుతాడేమోనని.

ఏర్పేడు దాటి లోపలికి పోతే వచ్చే ఊరు వాళ్ళది. అక్కడి వరదరాజస్వామికి ఏటా బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. గరుడసేవ రోజు చుట్టుపక్కల పల్లెలన్నీ ఆ వీధిలోనే ఉంటాయి. కొయ్య గరుడుడు, పైన స్వామి, నగలు, పూలదండలు, గొడుగు పట్టుకుని నిలబడే అర్చకులు, అంతా కలిసి కొండంత బరువు. దాని కింద కట్టే పొడుగాటి మోతకర్రలను తండ్లు అంటారు. ఆ తండ్లకు భుజం పెట్టే హక్కు కొన్ని ఇళ్ళకే ఉంది, ఎవరి చోటు వాళ్ళది. ముందు వరసలో ఎడమ తండు కొస దేవరాజులుది. అంతకుముందు వాళ్ళ నాయనది. మోసీ మోసీ భుజం మీద నిమ్మకాయంత కాయ కాసింది. చొక్కా విప్పినప్పుడల్లా దాన్ని చూసుకుని మీసం దువ్వుకునే రకం మనిషి. మిగతా రోజుల్లో బాడుగకు ట్రాక్టర్ తోలుకుంటాడు.

వాళ్ళ నాయన కాలంలో ఒకసారి మోతగాడి మోకాలు మడతపడి గరుడవాహనం పక్కకి వాలింది. స్వామి కింద పడలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ ఏడు వాన పడలేదు. ఆ సీమలో వాన పడని ఏళ్ళు బోలెడు, అప్పుడు ఎవరు వాల్చారని ఎవరూ అడగరు. ఆ ఒక్క ఏడు మాత్రం ఆ మోతగాడి ఖాతాలో పడింది. అతని పేరేమిటో ఇవాళ ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. 'వాల్చినోడు' అనే అన్నారు చచ్చేదాకా. ఇప్పటికీ అతని మనవళ్ళది 'వాల్చినోళ్ళ ఇల్లే'. దేవరాజులు చిన్నప్పుడు తానూ ఆ పిల్లల వెంటపడి అట్లాగే పిలిచినవాడు కాబట్టి, ఆ పేరు ఎంత లోతుకు దిగుతుందో అతనికి తెలుసు.

ఒక ఏడు చలికాలంలో ట్రాక్టర్ మీంచి దూకినప్పుడు నడుంలో ఏదో పట్టేసింది. నాలుగు రోజులకు పోతుందిలే అనుకుంటే, అది పిర్రలోకి దిగి, తొడ వెనకగా మడమ దాకా పాకింది. దగ్గితే నొప్పి, తుమ్మితే నొప్పి. నడుం నొప్పి అన్నామంటే ఊరంతా వైద్యులే. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే పోతుందని ఎవరో చెబితే, పక్కవీధి సంతోషమ్మను పిలిపించి వీపు మీద తొక్కించుకున్నాడు. సంతోషమ్మ మంచి పుష్టి గల మనిషి. ఆ పూట నుంచి లేచి నిలబడటానికి గోడ కావాల్సి వచ్చింది. మోహన తిట్టాల్సినవన్నీ తిట్టి, తిరుపతిలో నారాయణి అనే ఆయుర్వేద డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది.

నారాయణి పడుకోబెట్టి కాళ్ళు ఎత్తించింది, మడమల మీద నడిపించింది, తిండి, నిద్ర, పని అన్నీ అడిగింది. ఆఖరున, "ఒంటికి వస్తే ఎక్కువసేపు ఆపుకునే అలవాటు ఉందా?" అంది. ఆడమనిషి ముందు ఆ మాటకు సిగ్గుపడాల్సినవాడు కాస్తా రొమ్ము విరుచుకున్నాడు.

"ఉత్సవాల్లో ఆపుకోవాల్సిందే మేడమ్. పొద్దన్నే తానం చేసి మడి కట్టినామంటే, సామి తిరిగి గుడి చేరేదాకా ఒంటికి పోకూడదు. పోతే మళ్ళా తానం, మళ్ళా మడి. అంత టైం యాడుంటాది? మాలో శానామంది మెలికలు తిరగతారు. నేనైతే ఎంతసేపైనా ఆపతాను."

"అది గొప్ప కాదండీ," అందామె నెమ్మదిగా. "బొడ్డు కింది భాగం వాతం ఉండే చోటు అంటుంది మా శాస్త్రం. మలమూత్రాలను కిందికి తోసే గాలి పేరు అపానవాయువు. వచ్చిన వేగాన్ని బలవంతాన ఆపితే అది దారి తప్పి నడుం మీద పడుతుందంటారు. దానికి తోడు ఒంటిమీద ఆరే తడిపంచె, ఖాళీ కడుపు, ట్రాక్టర్ కుదుపు, పైన అంత బరువు. మీ నడుం ఇన్నాళ్ళు ఆగిందే ఎక్కువ."

ఆ తర్వాత కొన్నాళ్ళు దేవరాజులు తిరుపతికి తిరిగాడు. బోర్లా పడుకోబెట్టి, మినప్పిండి ముద్దతో నడుం మీద గుండ్రంగా గట్టు కట్టి, అందులో గోరువెచ్చని తైలం పోసేవాళ్ళు. దాన్ని కటివస్తి అంటారు. తైలం చల్లారితే తీసి మళ్ళీ వెచ్చనిది పోసేవాళ్ళు. పైన వావిలాకు మూటతో కాపడం. ఇంటి దగ్గర వేడి అన్నంలో నెయ్యి, పడుకునే ముందు కాస్త ఆముదం. కిందున్నది ఎత్తాలంటే నడుం వంచకుండా మోకాళ్ళు మడిచి ఎత్తాలి. ట్రాక్టర్ వద్దు, బరువు అసలే వద్దు. డాక్టరమ్మ స్కాన్ కూడా తీయించమంది. నొప్పి మెల్లగా సగానికి సగం తగ్గింది.

"తగ్గిందని మోతకి పోవద్దు," అని గట్టిగా చెప్పింది నారాయణి. "ఇంకొక్క మాట. కూచునే చోట మొద్దుబారినా, పాదం ఈడుస్తున్నా, ఒంటికి వచ్చేది తెలియకపోయినా నా దగ్గరికి రావద్దు. అది తైలంతో పోయేది కాదు, నరాలు నలిగిపోతున్నట్టు. ఆ గంటలోనే పెద్దాసుపత్రికి పోవాలి. ఆలస్యమైతే కాళ్ళు రావు, ఆ తెలివిడీ రాదు."

దేవరాజులు తలాడించాడు. ఏరు దాటినవాడికి తెప్పతో పనేముంది? నొప్పి సగమయ్యేసరికి వైద్యానికి పోవడం మానేశాడు, స్కాన్ ఊసే మరిచాడు. బ్రహ్మోత్సవాలు దగ్గరపడుతుంటే మోహన నిలదీసింది.

"మొయ్యొద్దని మేడమ్ సెప్పింది గదా?"

"ఆయమ్మ మొయ్యొద్దనింది బరువు. సామి బరువా?" అని ఆమె నోరు మూయించాడు. నిజానికి చోటు వదులుకుంటే ఎందుకని అడుగుతారని భయం. ఒకసారి ఇంకొకడి భుజం అక్కడ చేరితే మళ్ళీ తనకి రాదని భయం. అందుకని నడుముకు ధోవతి బిగించి కట్టుకుని, మొదటి రోజుల చిన్న వాహనాలు పళ్ళ బిగువున మోశాడు.

గరుడసేవ రోజు తెల్లవారి బావి దగ్గరికి పోతుంటే వెనక ఎవరో కేకేశారు, కాలికి రక్తం కారుతోందని. వంగి చూస్తే ఎడమకాలి బొటనవేలు రాయికి గీరుకుపోయి ఉంది. ఎప్పుడు గీరుకుందో తెలియలేదు. పసుపు అద్దుకుని స్నానం చేసి మడి కట్టుకున్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి మోతగాళ్ళంతా గుడి వెనక మండపంలో చేరారు. కొందరు అప్పటికే కాళ్ళు ముడుచుకుని, మొహాలు ముడుచుకుని, కదలకుండా కూర్చున్నారు. మోతగాళ్ళ పెద్ద మునివెంకటప్ప మజ్జిగ ముంత దాటిస్తూ దేవరాజులు దగ్గర ఆగాడు.

"సూడండప్పా వీన్ని. పొద్దన్నుంచీ మెదల్లేదు, మెసల్లేదు. ఒంటికి రాలేదా రా?"

"రాలేదు మామా."

"అదీ! సామి కటాక్షం అంటే అదీ. ఆయప్పే ఆపినాడు."

అందరూ అతని వైపు మెచ్చుకోలుగా చూశారు. దేవరాజులు నవ్వబోయాడు. నవ్వు సగంలో ఉండగానే గుండె ఝల్లుమంది. పొద్దుటి నుంచి కాదు, నిన్న రాత్రి నుంచి రాలేదు. ఆపుకోవడం వేరు, రాకపోవడం వేరు. ఆపుకునేవాడికి లోపల ఒకటే పోరు ఉంటుంది. తన లోపల ఏ పోరూ లేదు, చడీచప్పుడూ లేదు. రాతిమీద కూర్చుని తిమ్మిరెక్కిందేమోనని కింద చెయ్యి పెట్టి గిల్లుకున్నాడు. పక్కవాణ్ణి గిల్లినట్టుంది.

ఎవరికీ చెప్పకుండా లేచి గుడి వెనక తుమ్మచెట్ల చాటుకు పోయాడు. మడి పోతే పోయిందనుకున్నాడు. ముక్కాడు, మూలిగాడు, స్వామికి మొక్కాడు. చుక్క రాలేదు. పొత్తికడుపు మాత్రం బండలాగా గట్టిగా ఉంది. వెనక్కి తిరగబోతే ఎడమకాలు కాస్త ఆలస్యంగా కదిలింది. డాక్టరమ్మ చెప్పిన మాటలు అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. అయిపోయింది, నేను కుంటోడినైపోతున్నాను అనుకున్నాడు.

చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారు. ఇక్కడ ప్రాణం పోయినా బాగుండేది, పోయేది ప్రాణం కాదు. మంచాన పడి, తెలియకుండా తడిసే పంచెలు మోహన చేత ఉతికించుకుంటూ బతకాలి. పోనీ ఈ ఒక్క సేవా మోసేసి పోదామంటే, నాలుగో అడుగులో పాదం వేలాడిపోతే? స్వామి వాలుతాడు. అటు చూస్తే తన కాళ్ళు, ఇటు చూస్తే స్వామి. ఏ పక్క చూసినా భయమే.

మేళం మొదలైంది. కాళ్ళు అలవాటు కొద్దీ అతన్ని తీసుకుపోయి తండు కింద నిలబెట్టాయి. గరుడుడి రెక్కలకు దండలు వేలాడుతున్నాయి. వీధి నిండా తలకాయలు. అందరూ భుజాలు ఆనించారు. మునివెంకటప్ప చెయ్యి పైకెత్తి గోవిందలు కొట్టబోయాడు.

"ఆగు మామా!"

మేళం గతి తప్పి ఆగింది. ఉత్సవంలో ఆ మాట ఎవరూ అనరు.

"ఏందిరా?" అన్నాడు మునివెంకటప్ప, పళ్ళు కొరుకుతూ.

"నేను మొయ్యలేను. నాకు కాలు తెలవడం లేదు. ఒంటికీ తెలవడం లేదు. సామి ఆపింది కాదు మామా, నరాలు సచ్చిపోతాండాయి. డాక్టరమ్మ ముందే సెప్పింది, నేనే దాసినాను."

అంతమంది ఆడా మగా ముందు ఆ మాట అని తండు కింది నుంచి పక్కకి జరిగాడు. ఒక కుర్రది కిసుక్కున నవ్వింది, వాళ్ళమ్మ దాని నెత్తిన మొట్టింది. మునివెంకటప్ప అతన్ని కొడతాడేమో అనిపించింది. కొట్టలేదు. "రవిచంద్రా, నువ్వు పట్టు," అని వెనక వరసవాణ్ణి పిలిచాడు. తర్వాత దేవరాజులుతో, "ఇంగా నిలబడుకోని సూస్తావేందిరా? పో, ఆటో పిలిపించుకో," అని కసిరాడు. వరసలు మళ్ళీ సర్దుకునేలోగా ఇద్దరు మోతగాళ్ళు చప్పుడు చేయకుండా గుడి వెనక్కి పోయి వచ్చారు. మడి సంగతి ఎవరూ ఎత్తలేదు.

తిరుపతి పెద్దాసుపత్రిలో స్కాన్ చూసిన డాక్టరు నడుం దగ్గర వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళ బయటికొచ్చి నరాలను నొక్కేస్తోందన్నాడు. అప్పటికప్పుడు ఆపరేషన్ చేశారు. బయట మోహన, "మామూలు మనిషి అవుతాడా సార్?" అని అడిగితే, "ఇప్పుడే చెప్పలేం, చూడాలి," అని పోయాడాయన.

చూడటం అంటే ఏమిటో తర్వాత దేవరాజులుకు తెలిసొచ్చింది. మూత్రానికి గొట్టం వేశారు. అది మంచానికి వేలాడే సంచిలోకి కారుతుంటే, తన ఒంట్లోంచి పోతున్నది తనకే తెలియక, ఆ సంచిని చూసి తెలుసుకునేవాడు. ఊళ్ళో గరుడసేవ బాగా జరిగిందని, స్వామి వెంట్రుకవాసి వాలలేదని మోహన చెబితే కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోతే కలలో తుమ్మచెట్ల చాటున నిలబడి ఉండేవాడు, చుక్క వచ్చేది కాదు.

ఒక పొద్దున నర్సు వచ్చి గొట్టం తీసేసింది. "నీళ్ళు తాగుతా ఉండన్నా. వచ్చినట్టు అనిపిస్తే చెప్పు. రాకపోతే మళ్ళీ వెయ్యాల్సి వస్తాది," అంది. దేవరాజులు నీళ్ళు తాగి ఎదురుచూశాడు. టిఫిన్లు వచ్చాయి, పోయాయి. డాక్టర్లు వచ్చారు, పోయారు. మోహన మంచం పక్కన కూర్చుని అతని మొహమే చూస్తోంది. ఏమన్నా తెలుస్తోందా అని అడగడానికి ఆమెకు ధైర్యం లేదు, లేదని చెప్పడానికి అతనికి ధైర్యం లేదు. మధ్యాహ్నం అన్నం గిన్నె మూత తీసింది, అతను ముట్టలేదు.

ఉన్నట్టుండి అతని మొహం మారింది. ఊపిరి బిగబట్టాడు. పొత్తికడుపు అడుగున ఎక్కడో సన్నగా, సూదిమొనంత మంట. పోయింది. మళ్ళీ వచ్చింది. ఈసారి కాస్త గట్టిగా, మొండిగా.

"మోహనా! వస్తాండాది!" అని వార్డు అదిరిపోయేటట్టు అరిచాడు. "ఒంటికి వస్తాండాది మోహనా! నన్ను లేపు!"

చుట్టూ మంచాలవాళ్ళంతా తిరిగి చూశారు. మోహన ఒక చేత్తో అతన్ని లేపుతూ, ఇంకో చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, "అంత గట్టిగా అరుస్తారా ఎవరైనా, సిగ్గులేదా నీకు?" అంది. ఎడమపాదం నేల మీద ఈడ్చుకుంటూ, ఆమె భుజం మీద బరువంతా వేసి, దేవరాజులు ఏడుస్తూ పోయాడు.