రక్తపు చొక్కా అడిగిన రోజు

2024 వేసవి. పార్లమెంటు ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు. విజయనగరంలో నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రి క్యాజువాలిటీకి, అంటే అత్యవసర విభాగానికి, పొద్దున్నే ఒకతన్ని ఆటోలో తెచ్చారు. పేరు అప్పలనాయుడు. ఓడిన పార్టీకి బూత్ ఏజెంటు. లెక్కింపులో మోసం జరిగిందని వీధిలో అరిచినందుకు గెలిచినవాళ్లు కర్రలతో తల పగలగొట్టారు. వెనకే ట్రాక్టరు నిండా అతనివైపు జనం దిగారు.

ఇలాంటిదాన్ని మేం ఎం.ఎల్.సి. అంటాం, అంటే మెడికో లీగల్ కేసు, పోలీసులకు చెప్పి తీరాల్సింది. ఒంటిమీది బట్టలు కూడా కవర్లో పెట్టి, సీలు వేసి వాళ్లకే అప్పగించాలి. నేను చొక్కాకి సీలు వేస్తుంటే అతని తమ్ముడు సింహాచలం లోపలికి దూసుకొచ్చాడు. ఆ చొక్కా ట్రాక్టరుకి కట్టి ఊళ్లన్నీ తిప్పుతారట. అది చూస్తే జనమంతా కదులుతారు, సాయంత్రానికి అవతలివాళ్ల వీధి మిగలదట. ఇవ్వనన్నాను. లాక్కోబోయాడు. నాకు ఒళ్లు మండింది, కవరు వదల్లేదు.

అప్పటిదాకా మంచం పక్కన నిలబడ్డ అప్పలనాయుడి భార్య పార్వతి మా మధ్యకి వచ్చింది. ఆవిడా పార్టీ మనిషే, ఎండలో ఇంటింటికీ తిరిగి ఓట్లు అడిగిన మనిషి. భర్తకి రక్తం ఎక్కించాలన్నారు కదా అని నన్నడిగింది. అవునన్నాను, బ్లడ్ బ్యాంకు ఇచ్చినదానికి బదులు మీవాళ్లు ఇవ్వాలని కూడా చెప్పాను. ఆవిడ మరిదివైపు తిరిగింది.

"ఒరే, సొక్కాకంటిన రగతంతో నీకేటి పని? మీ అన్న ఒంట్లోకి కావాలి. మనోలందర్నీ లైనులో నిలబెట్టు."

"మరి ఆలని ఒగ్గీమంటావా వొదినా?"

"ఒగ్గీమన్లేదు. కేసెడదాం, కోర్టుకి నేనూ వస్తాను. ఆ ఈధిలో ఆడమనిషి ఎవరూ నాలాగ ఇక్కడికొచ్చి నిలబడకూడదు. అంతే."

ఆ మాటకి ఆవిడకి దణ్ణం పెట్టాలనిపించింది. సింహాచలం కవరు మీంచి చెయ్యి తీశాడు. తన చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ, ముందు తన రక్తమే తియ్యమన్నాడు.

కొందరు మెల్లగా జారుకున్నారు. మిగిలినవాళ్లు వరసలో నిలబడ్డారు. రక్తం ఇచ్చాక కాసేపు పడుకోవాలి, ఆ రోజు బరువు పనులు చెయ్యకూడదు అంటాం. ఆ మాట ఆ రోజు కావాలనే ఒకటికి రెండుసార్లు, గట్టిగా చెప్పాను. మధ్యాహ్నం కానిస్టేబులు వచ్చి కవరు తీసుకెళ్లాడు. ట్రాక్టరు ముందు ఏమీ కట్టకుండానే ఊరికి తిరిగి వెళ్లింది. అప్పలనాయుడు బతికాడు.

గుంపు కనబడితే సెక్యూరిటీని పిలవడమే అంతకుముందు నాకు తెలిసింది. కోపంతో వచ్చినవాళ్లకి చేతికి ఏదో ఒక పని కావాలి, అడిగేవాళ్లుంటే మంచి పనైనా చేస్తారు అని నాకు నేర్పింది పార్వతే. ఇప్పుడు గేటు దగ్గర జనం మూగితే నేనే బయటికి వెళ్తాను. మొదట అడిగేది ఒకటే, మీలో రక్తం ఎవరిస్తారని.