అద్దానికి పట్టిన గార

గోదావరి పక్కనే ఉంటూ బోరు నీళ్లతో బతకడమంత ఖర్మ ఇంకోటి లేదు. భద్రాచలంలో మా కిరాయి ఇంటికి ఆ బోరే దిక్కు. బకెట్లు, కుళాయిలు, అన్నం గిన్నెలు, అన్నిటికీ తెల్లగా గార పట్టేది. పక్క వాటాలోని ఆఫీసరు బదిలీ మీద పోతూ నాకు వదిలేసిన చేపల తొట్టి సంగతైతే చెప్పనే అక్కర్లేదు. నీళ్లు నిలిచిన మేర చుట్టూతా సున్నం కొట్టినట్టు గట్టిపడిపోయింది. లోపల చేప ఉందో చెప్పు ఉందో కూడా కనిపించదు.

ఆ తొట్టి మా నాయిన కోసం తీసుకున్నాను. ఆ ఎండాకాలం ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వచ్చేది. దవాఖానాకు తిప్పడం తేలికని మా ఊరు వేంసూరు నుంచి నా దగ్గరికి తెచ్చుకున్నాను. గేదెల్ని వదిలి రాలేక అమ్మ అక్కడే ఉండిపోయింది. తెల్లారకముందే చేలో ఉండే మనిషి, ఇప్పుడు పొద్దంతా మంచంలో పడుకుని ఎడమ చేత్తో మంచం పట్టె మీద టకటకా కొట్టేవాడు. నేను ఆఫీసుకు పోతే ఓనరమ్మ కనిపెట్టుకుని ఉండేది. ఆఫీసులో కూర్చున్నా ఆ చప్పుడు నా చెవుల్లోనే ఉండేది.

అసలు భయం వేరే ఉంది. ఆయన తిండి మానేస్తున్నాడు. ఎడమ చేత్తో తినడం అలవాటు చేయించమని డాక్టరు అంటే నాయిన మొహం చిట్లించి, "ఛీ, ఆ చేత్తోనా?" అన్నాడు. ఏ చేత్తో కడుక్కుంటామో ఆ చేత్తో అన్నం ముట్టడం ఆయనకు చచ్చినా కుదరదు. చెంచా ఇస్తే, అదీ ఆ చేతిలోనే కదా అని విసిరికొట్టాడు. నేను కలిపి పెడితే రెండు ముద్దలు మింగి, కళ్లు మూసుకుని నోరు బిగించేవాడు. కూతురి చేత ముద్దలు పెట్టించుకోవడం ఆయనకు తలకొట్టేసినట్టుండేది. బనీను వదులై భుజం మీంచి జారిపోతుంటే చూడలేక నేను వంటింట్లోకి పోయి గిన్నెల మీద నా కోపం తీర్చుకునేదాన్ని.

చేపలు చూస్తూ ఉంటే ఆయన మనసు కాస్త మళ్లుతుందేమో, నాలుగు ముద్దలు ఎక్కువ తింటాడేమో అని నా ఆశ. పిచ్చి ఆశే, కానీ అప్పటికి నాకు ఇంకేం తోచలేదు.

ఒక ఆదివారం తొట్టిని వరండాలోకి, ఆయన మంచం దగ్గరికి ఈడ్చాను. సబ్బు అయింది, సర్ఫు అయింది, గార కదిలితే ఒట్టు. ఓనరమ్మ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఏం పిల్లా, సబ్బుతోని పోతదా గది? ఇత్తడి బిందె తోమినట్టు చింతపండు, ఉప్పు పెట్టి తోము. మీదికెల్లి గింత ఇటుకపొడి ఎయ్యి."

"అవ్ గదా!" అనుకున్నాను. మా ఇళ్లల్లో దేనికి మరక పట్టినా ఆ మూడే మందు. చింతపండుకు గార కాస్త మెత్తబడింది. దాంతో హుషారొచ్చి ఇటుకపొడి చల్లి, కొబ్బరిపీచుతో ఉన్న బలమంతా పెట్టి రుద్దాను. కడిగి చూస్తే గార ఉన్నచోటే ఉంది, దాని పక్కన అద్దం నిండా గీతలు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా చెయ్యి ఆగదే! మళ్లీ పొడి చల్లాను.

మంచం పట్టె చప్పుడు ఆగింది.

"ఆపు," అన్నాడు నాయిన. "గీతలు... పడ్తున్నయ్."

"పడితే పడనీ! నువ్వు తినవు, ఇది వదలదు. నేనెట్ల చావాలె నాయినా!" అని అరిచాను.

ఆయన తొట్టిని పక్కకు వంచమని, తనను కింద కూర్చోబెట్టమని సైగ చేశాడు. గోడకు దిండు ఆనించి కూర్చోబెట్టాను. చింతపండుకు మెత్తబడింది కదా అని ఈసారి నిమ్మరసంలో పాతగుడ్డ ముంచి గార మీద పరిచాను. నానేదాకా ఆగే ఓపిక నాకెక్కడిది, ఊరికే ఎత్తి చూస్తూనే ఉన్నాను. చివరికి బ్లేడు తెచ్చి గీకబోతే రెండుసార్లు జారింది.

"తే," అని ఆయన ఎడమ చెయ్యి చాపాడు.

గ్లాసు పట్టుకుంటేనే జారిపోయే చెయ్యి. బ్లేడు ఎలా ఇస్తాను?

"తే బిడ్డా!" ఈసారి కసిరాడు. ఇచ్చాను.

ఆయనకూ జారింది. అద్దం మీద ఇంకో గీత పడింది. ఆయనకు పట్టుదల వచ్చేసింది. బ్లేడును ఏటవాలుగా ఆనించి, పళ్లు బిగించి నెట్టాడు. ఒక పెచ్చు ఊడి వచ్చింది. దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, మళ్లీ మొదలుపెట్టాడు. నేను గుడ్డ తడుపుతూ ఉన్నాను. ఎండ వరండాలోకి వచ్చింది, ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి, ఆయన చెయ్యి ఆపడే! మూలల్లో గార అలాగే ఉండిపోయింది కానీ, ఒక పక్క అద్దంలోంచి అవతలి గోడ కనిపించింది.

ఆయన తన ఎడమ చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. కడగమని చాపాడు. సబ్బు పెట్టి కడిగాను.

"మళ్ల."

మళ్లీ కడిగాను.

"గోళ్లల్ల."

అప్పుడు అర్థమైంది నాకు. నోరు తెరిస్తే ఎక్కడ చెడుతుందోనని కిమ్మనకుండా గోళ్లు రుద్దాను. మజ్జిగ చెంబు గోడవార పెట్టి, కంచంలో పప్పన్నం కలిపి ఆయన ముందు పెట్టాను.

"నువ్వు అటు తిరుగు," అన్నాడు.

గోడ వైపు తిరిగి నిలబడ్డాను. కంచం గచ్చు మీద జరిగిన చప్పుడైంది. మెతుకులు కింద రాలినట్టున్నాయి. తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుపోతోంది. దగ్గాడు, మళ్లీ కంచం జరిగింది. ఎంతసేపో తెలియదు.

"మజ్జిగ పొయ్యి."

మజ్జిగ అడిగాడంటే పప్పన్నం అయిపోయినట్టే. వెనక్కి చూడకుండా ఎలా పొయ్యాలో తెలియక, మజ్జిగ చెంబు చేత్తో పట్టుకుని, గోడ వైపే తిరిగి ఏడ్చాను.