అమ్మవారి బెల్లం, చిన్నాయన స్కూటరు

నా చిన్నప్పుడు నేను గొంతు దాటి బయటికి రానివ్వకుండా మింగేసిన మాట ఒకటుంది. దాని వల్ల మా చిన్నమ్మకు చుట్టాలందరిలో ‘బెల్లం దొంగ’ అనే పేరు పడిపోయింది. ఏ పెళ్లిలోనో పదిమందిమి కూడితే ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుతారు. అందరూ నవ్వుతారు, చిన్నమ్మ కూడా నవ్వుతుంది. వాళ్లు చెప్పుకునేది సగం కథే. మిగతా సగం నా దగ్గరే ఉండిపోయింది.

మాది ఖిలా వరంగల్. నేను ఐదో తరగతిలో ఉండగా టైఫాయిడ్ వచ్చి మంచం పట్టాను. పిల్లవాడు లేచి తిరిగితే వాడి ఎత్తు బంగారం ఇస్తానని మా నాయనమ్మ మేడారం సమ్మక్క తల్లికి మొక్కుకుంది. మా వైపు ఆ తల్లికి ఇచ్చే బెల్లాన్నే బంగారం అంటారు. మనిషిని తరాజులో ఒక పక్క కూర్చోబెట్టి, రెండో పక్క సరితూగేంత బెల్లం పెట్టి, ఆ బెల్లాన్ని తీసుకెళ్లి గద్దె దగ్గర సమర్పిస్తారు. జాతర దగ్గరపడితే ధర మండిపోతుందని నాయనమ్మ నెల ముందే నన్ను కిరాణా దుకాణంలో తూయించి, అంత బెల్లం కొని, పెద్ద రేకు డబ్బాలో పెట్టించింది. మూత మీద పసుపు కుంకుమలు పెట్టి వెనక కొట్టంలో ఒక మూల దాచింది. అదే కొట్టంలో ఇంకో మూల మా చిన్నాయన స్కూటరు ఉండేది. వచ్చిన చిక్కంతా అక్కడే.

మా చిన్నాయన కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు చూసుకునేవాడు. అతని స్కూటరు అప్పటికే ఇద్దరు యజమానులను విసిగించి వచ్చింది. పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా చిన్నాయన దాని మీద ఎక్కి తిరగడం తగ్గించి, పక్కన నడుస్తూ తోసుకుపోవడం ఎక్కువ చేసేవాడు. ఒకరోజు రేడియోలో ఏదో దేశంలో చెరుకు నుంచి తీసిన స్పిరిటుతో కార్లు నడుపుతున్నారని విన్నాడు. ఆ సాయంత్రం కొట్టంలో స్కూటరు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

“చెరుకుతోటి కార్లే ఉరుకుతాంటె, బెల్లంతోటి నా స్కూటర్ ఉరకదారా?” అన్నాడు.

ఇంట్లో పెద్దవాళ్లెవరూ అతని మాట వినేవాళ్లు కాదు. అందుకని వినే పని నాకు పడింది. నేను ఉరుకుతుందన్నాను. ఇద్దరం కలిసి రేకు డబ్బా వైపు చూశాం.

“దొంగతనం కాదురా. తల్లి దగ్గర బదులు తీసుకుంటున్నం. జీతం రాంగనె మళ్ల నింపుత,” అని చిన్నాయన మూత తీసి, కళ్లకద్దుకుని, ఒక దిమ్మ తీసుకున్నాడు.

బెల్లం నీళ్లు కుండలో పులియబెట్టాడు. కుండకు చెవి ఆనించి లోపల బుసబుస వినిపిస్తోందో లేదో చెప్పడం నా ఉద్యోగం. బుస ఆగాక, ల్యాబు నుంచి తెచ్చిన గాజు గొట్టాలతో ఆ నీళ్లను కాచి ఆవిరి పట్టాడు. దిగినదాన్ని మళ్లీ కాచాడు. అందులో మిగిలిన నీటిని పీల్చేందుకు కాల్చిన సున్నపురాయి ముక్కలు వేశాడు. చివరికి సీసాలో నీళ్లలా తెల్లగా ఉన్నది, అగ్గిపుల్ల గీస్తే మంట కనపడకుండా మండేది, మిగిలింది. ఇంతా చేసి, స్కూటరుకు పెట్రోల్లో కలిపి పోసే ఇంజన్ ఆయిలు అందులో కలవనంది. చిన్నాయన తల పట్టుకున్నాడు. తర్వాత నాయనమ్మ తలకు రాసుకునే ఆముదం సీసా ఎత్తుకొచ్చి కలిపాడు. అది ఇట్టే కలిసిపోయింది.

ఇవన్నీ రహస్యంగానే జరగాలి. ఎందుకంటే బెల్లం పులియబెట్టి కాస్తే మా ఊళ్లో దాన్ని గుడుంబా అంటారు. స్కూటరు కోసమని చెబితే ఆబ్కారీ వాళ్లు పడిపడి నవ్వి మరీ పట్టుకుపోతారు. “ఎవ్వలకన్న చెప్పినవనుకో, నన్ను జైల్ల ఏస్తరు. ఇగ నిన్ను స్కూటర్ మీద ఎవడు తిప్పుతడు?” అన్నాడు చిన్నాయన. ఆ రెండో మాటే నన్ను భయపెట్టింది.

స్కూటరు నడిచింది. ఈ సంగతి నేను గట్టిగా చెప్పాలి, ఎందుకంటే చూసినవాళ్లలో ఇప్పుడు నేనొక్కణ్నే మిగిలాను. మొదట చెంచాడు పెట్రోలు పట్టించి తన్నితే దగ్గింది, తుమ్మింది, ఆ తర్వాత అందుకుంది. నేను స్కూటరు మీద చిన్నాయన ముందు నిలబడ్డాను. కోట రాతి తోరణాల దాకా పోయి తిరిగొచ్చాం. వెనక వదిలిన పొగ మాడిన పాయసంలో ఆముదపు దీపం ముంచినట్టు వాసన వేసింది. కల్లు కాంపౌండు ముందు కూర్చున్న ఇద్దరు ఆ వాసన పట్టుకుని లేచి మా వెంట ఉరికారు. “సారూ, జర ఆగుండ్రి! గిది ఏడ దొరుకుతాంది?” అని అరుస్తూ వీధి మలుపు దాకా వచ్చారు. చిన్నాయన ఆ రోజు నవ్వినంతగా మళ్లీ నవ్వడం నేను చూడలేదు.

రుచి మరిగాం. రోజూ ఒక దిమ్మ తగ్గేది. జీతం వచ్చింది, ఎప్పటిలాగే నేరుగా నాయనమ్మ కొంగులోకి పోయింది. జాతర దగ్గరికొచ్చేసరికి స్పిరిటు తగిలి స్కూటరు రబ్బరు పైపు ఉబ్బి, మెత్తబడి, చిట్లిపోయింది. మా పరిశోధన అక్కడితో ముగిసింది. డబ్బా నింపే సంగతి ఇద్దరం ఒకరికొకరు గుర్తు చేసుకోలేదు.

బయలుదేరే ముందు రోజు వాకిట్లో దూలానికి తరాజు కట్టారు. ఇరుగుపొరుగు వచ్చారు. నాకు స్నానం చేయించి, బొట్టు పెట్టి, ఒక పళ్లెంలో కూర్చోబెట్టారు. రెండో పళ్లెంలో డబ్బాలోని బెల్లమంతా పెట్టారు. నా పళ్లెం నేల మీద నుంచి కదల్లేదు.

నాయనమ్మ మొదట మురిసిపోయింది. “సూసిండ్రా! నెల దినాలల్ల నా మనుమడు ఎట్ల పెరిగిండో!” అంది. నా పక్కటెముకలు లెక్కపెట్టేలా కనిపిస్తున్నాయి గనుక మిగతావాళ్లు అంత తేలిగ్గా నమ్మలేదు. అంగీ విప్పించారు. మొలకున్న వెండి తాడు తీశారు. లాగు జేబులోంచి గోలీలు దులిపారు. అయినా నా పళ్లెం లేవలేదు. ఎవరో డబ్బా తిరగేసి తట్టారు.

అప్పుడు వంటింటి గడపలో నిలబడ్డ చిన్నమ్మ ఏడుపు అందుకుంది. అప్పటికి ఆమె కడుపుతో ఉంది, మా ఇంటికొచ్చి ఏడాదైనా కాలేదు. “అత్తమ్మా, నేనే తిన్న. రోజు సందేళ ఒక్క ముక్క... నోరు ఆగలే. గంత తిన్ననని నాకే తెల్వలే,” అంది.

ఆమెను ఎవరూ అడగలేదు, ఎవరూ అనుమానించనూ లేదు. పక్కింటి అవ్వ ఖాళీ డబ్బా వైపూ చిన్నమ్మ వైపూ మార్చి మార్చి చూసి, “నీ కడుపుల ఉన్నది పిల్లనా, చక్కెర ఫ్యాక్టరీయా?” అంది. వాకిలంతా గొల్లుమంది. నాయనమ్మ కోడల్ని దగ్గరికి తీసుకుని, కడుపుతో ఉన్న పిల్ల తింటే తల్లి ఏమనుకోదని ఓదార్చింది, దుకాణానికి మనిషిని పంపింది. చిన్నమ్మ మాత్రం అమ్మవారి సొమ్ము తిన్న నోరని లెంపలేసుకుని, ఇక జన్మలో తీపి ముట్టనని అక్కడే ఒట్టు పెట్టుకుంది.

నేను పళ్లెంలో కూర్చుని చిన్నాయన వైపు చూశాను. చిన్నాయన దూలం వైపు చూస్తున్నాడు. చెప్పడానికి నోరు తెరిచాను. కొత్త రబ్బరు పైపు వేస్తే స్కూటరు మళ్లీ నడుస్తుంది గదా అనిపించింది. మూసుకున్నాను.

చిన్నమ్మకు బొద్దుగా ఆడపిల్ల పుట్టింది. పిల్లను చూడ్డానికి వచ్చినవాళ్లంతా బెల్లం బిడ్డ అన్నారు. చిన్నమ్మ చాయ్ చప్పగా తాగేది, పండగనాడు పరమాన్నం అందరికీ వడ్డించి తాను పెరుగన్నం తినేది. నేను ఎదురుగా కూర్చుని రెండోసారి వడ్డించుకునేవాణ్ని. చెప్పావా అని చిన్నాయనను అడిగినప్పుడల్లా “రేపు చెప్త తియ్” అనేవాడు. మూడేళ్ల కింద పోయాడు, ఆ రేపు రాకుండానే. అడక్కముందే ఒప్పుకున్న ఆ కొత్త కోడలి గొంతు నాకిప్పటికీ వినిపిస్తుంది. ఆఫీసులో తప్పు జరిగి అందరూ దూలాల వైపు చూస్తున్నప్పుడు ముందుగా నోరు తెరుస్తున్నానంటే అది ఆమె పెట్టిన భిక్షే. ఆమె ముందు మాత్రం తెరవలేకపోయాను.

పోయిన ఏడాది ఆమెను కంటి దవాఖానకు తీసుకెళ్తూ హన్మకొండలో పెట్రోలు బంకు దగ్గర ఆగాను. అక్కడ బోర్డు మీద పెట్రోల్లో చెరుకు నుంచి తీసిన ఇథనాల్ కలుస్తుందని రాసుంది. చిన్నమ్మ కూడబలుక్కుని చదివి, “గిదేందిరా, చెరుకుతోటి బండ్లు నడుస్తయా?” అంది.

“నడుస్తయి చిన్నమ్మా. మన స్కూటర్ నడిచింది,” అన్నాను. ఇక ఆగలేక అక్కడే అంతా చెప్పేశాను. వెనక బండ్లవాళ్లు హారన్లు కొడుతూనే ఉన్నారు.

ఆమె ఇంకోసారి బోర్డు వైపు చూసింది. తర్వాత, “నేను తిన్నది నిజమేరా. రోజు గింతంత, నిమ్మకాయంత. గంత డబ్బా ఎట్ల ఖాళీ చేసిన్నని ఇన్నేండ్లు నాకే సమజ్ కాలే. నాకేమన్న దయ్యం పట్టిందా అనుకున్న,” అంది. ఆ తర్వాత చిన్నాయనను తిట్టడం మొదలుపెట్టి దవాఖాన గేటు దాకా తిట్టింది. దిగేటప్పుడు నా వైపు తిరిగి, “నువ్వు మాఫీ గిట్ల బండి మీద అడిగితె నడ్వది. నా ఎత్తు బంగారం మొయ్యి,” అంది.

మొన్న జాతరకు మోశాను. తూకం రోజు చిన్నమ్మ చేతిసంచీ, గొడుగు, మందుల డబ్బా ఒళ్లో పెట్టుకుని మరీ తరాజెక్కింది. ఆ బరువంతా భుజాన వేసుకుని మేడారం జనంలో నెట్టుకుంటూ గద్దె దాకా చేరాను. బెల్లం సమర్పించి, ప్రసాదంగా ఇచ్చిన ముక్కను చిన్నమ్మ నోట్లో పెట్టాను. ఆమె కళ్లు మూసుకుని నెమ్మదిగా చప్పరించింది. ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను.

“తప్పయింది చిన్నమ్మా. ఆనాడు తరాజుల కూసున్నప్పుడే చెప్పాల్సింది. నన్ను మాఫ్ చెయ్యి,” అన్నాను.

ఆమె నోట్లోది మింగి, నా చేతుల్లోంచి ఒక చెయ్యి విడిపించుకుంది. ఇంకో ముక్క కోసం అరచెయ్యి చాపింది.